మావయ్య ఊడవనివ్వని తోట

మా మావయ్య పోయిన కబురు నాకు టెలిగ్రాంలో రాలేదు. సూర్యలంక పాలెం నుంచి ఎండుచేపలు తెచ్చి తెనాలి మార్కెట్లో అమ్ముకునే అంకమ్మక్క, ఆ రోజు ఖాళీ బుట్టతో పాసింజరు దిగి నేరుగా మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

“అబ్బాయ్, మీ రబ్బరు మావయ్య పోయాడయ్యా. తెల్లారి లేవలేదు. టెలిగ్రాం ఇవ్వాలంటే పోస్టాఫీసు తలుపులు తియ్యాలిగా, అందుకని బండెక్కేశా,” అంది.

లోపల్నుంచి మా అమ్మ కేక పెట్టింది. అంకమ్మక్క బుట్ట కింద పెట్టి, నా మొహంలోకి చూసి, “నీతో తగువు తీరకుండానే పోయాడు చూడు,” అంది.

నేనింకా ఆ మాట దగ్గరే నిలబడి ఉన్నాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. ఆయన చేసిన పనిలో ఏది మంచో నాకు తేలలేదు. తేలేదాకా ఆగితే రాయనే రాయను. అందుకని తేలకుండానే రాస్తున్నాను. చదివాక మీకేమన్నా తోస్తే నాకు చెప్పండి.

మావయ్య మా అమ్మకి అందరికంటే పెద్దన్నయ్య. రేపల్లె దగ్గర పుట్టాడు. మీసం మొలిచీ మొలవకముందే మలయా వెళ్ళి ఒక రబ్బరు ఎస్టేటులో కలుపు మేస్త్రీగా కుదిరాడు. అత్తయ్య అక్కడే జబ్బు చేసి పోయింది. యుద్ధం అయ్యాక చిన్నపిల్లని వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. వచ్చినవాడు, కొలకలూరులో మంచి మాగాణి బేరానికొస్తే కాదని, సూర్యలంక దారిలో ఎవరికీ అక్కర్లేని ఇసుక కొన్నాడు. “సముద్రం పక్కన ఇసుక కొనుక్కున్న మొనగాడు మా అన్నయ్యే,” అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. ఇక చెప్పదేమో.

ఆ ఇసుకలో సరుగుడు వేశాడు. కూతుర్ని రేపల్లెలో ఇచ్చి పెళ్ళి చేసి, తను మాత్రం తోట మధ్యలో తాటాకు పాక వేసుకుని ఒక్కడే ఉండిపోయాడు. పాలెంలో ముసలివాళ్ళూ పసిపిల్లలూ కూడా ఆయన్ని రబ్బరు మావయ్య అనే పిలిచేవాళ్ళు.

నాకూ ఆయనకీ స్నేహం కలిసింది మాత్రం చుట్టరికం వల్ల కాదు, కరపత్రాల వల్ల. పి.యు.సి.తో చదువాపేసి, మా నాన్న సైకిల్ షాపులో కూర్చుని, దొరికిన కాగితమల్లా చదివే రోజులవి. భూమి గురించీ, దున్నేవాడి గురించీ, దోపిడీ గురించీ ఎవరేం అచ్చేసినా ఒక కాపీ నా దగ్గరికి చేరేది. అందులో ఒక సన్నటి పుస్తకంలో రబ్బరు తోటల సంగతి చదివాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఆదివారమే బండెక్కి బాపట్లలో దిగి, ఎండలో సూర్యలంక దారి పట్టి నడిచి, పుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు పడేశాను.

“చూడు మావయ్యా, మీ ఎస్టేటువాళ్ళంతా చేసిన ఘనకార్యం! రబ్బరు చెట్టు నేల రక్తం తాగేస్తదంట. పాలు పిండేకొద్దీ మట్టి చచ్చిపోద్దంట!”

ఆయన దాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు. “ఇది రాసినాయన రబ్బరు చెట్టుని చూశాడంటావా?”

“చూడకపోతే రాయకూడదా?”

“ఎందుకు రాయకూడదు? రాయకపోతే నువ్వు ఇంత ఎండలో నా కోసం వచ్చేవాడివా? కూర్చోరా కరపత్రం. కోపి తాగుదువు గాని.”

అప్పట్నుంచి ఆయనకి నేను కరపత్రాన్నే. కాఫీని కోపి అనేవాడు. అందులో పాలు పోయడమన్నది ఆయన ఇంటావంటా లేదు. ఆ నల్లటి చేదు తాగుతూ విన్నదాన్ని, నాకర్థమైనంత వరకు మీకు చెబుతాను.

అక్కడి అడవిని చూస్తే, అమ్మో ఎంత బలమైన నేలో అనుకుంటామట. ఆ బలం నేలది కాదట. చెట్లలో ఉంటుంది, రాలిన ఆకులో ఉంటుంది. ఆకు కుళ్ళి వేరుకి అందుతుంది, వేరు మళ్ళీ ఆకుకిస్తుంది. అలా పైపైనే తిరుగుతుంటుంది తప్ప కింద ఎర్రమట్టిలో నిలవుండేది కొంచెమే. అడవి కొట్టి తగలబెట్టి రబ్బరు మొక్కలు పెడితే, ఆ బూడిద చలవ వల్ల మొదట్లో ఏపుగా లేస్తాయి. దొరలు అదంతా మట్టి గొప్పే అనుకున్నారు. పైగా వాళ్ళకి శుభ్రం పిచ్చి. చెట్ల వరసల మధ్య గడ్డిపోచ కనపడకూడదు. కనపడితే కలుపు తీసే ఆడవాళ్ళ ఆ రోజు హాజరు, అంటే కూలి, కొట్టేయాలి. కొట్టేసే మేస్త్రీ మా మావయ్య.

“నేలని అద్దంలా ఉంచేవాళ్ళంరా,” అన్నాడు. “అక్కడ వానలు మన వానల్లాంటివి కావు. ఆ అద్దం మీద పడి పైమట్టంతా వాగులోకి దిగిపోయేది. వాగు నెత్తురులా పారేది. సున్నం గుణం ఉన్నవన్నీ నీళ్ళతో పాటే పోయి, మట్టి పుల్లబడింది. ఆకు పసుపు తిరిగింది. అప్పుడేం చేశారు? పంచదారలా ఉండే అమ్మోనియా ఎరువు బస్తాలు తెచ్చి కుమ్మరించారు. ఆకు పచ్చబడింది, మట్టి ఇంకా పుల్లబడింది.”

“మరి నా పుస్తకంలో ఉన్నదీ అదేగా!”

“కాదు. పాలతో పోయే సత్తువ గోరంత. పాలు తీస్తే నేల చావదురా. బట్టలిప్పి నిలబెడితే చస్తది.”

ఈ మాట ఆయన నోట నేను తరవాత చాలాసార్లు విన్నాను. కోపంలోనూ అన్నాడు, నవ్వుతూనూ అన్నాడు.

కొన్నేళ్ళకి ఎస్టేటుకి కొత్త దొర వచ్చి, వరసల మధ్య నేలకి కప్పుగా పెసర జాతి తీగలు నాటమన్నాడట. నిన్నటిదాకా పచ్చన్నది కనపడితే పీకిన ఆడవాళ్ళే మళ్ళీ వంగి ఆ తీగలు నాటారు. వాళ్ళలో శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళిన ఒక ముసలమ్మ నడుం మీద చెయ్యేసుకుని లేచి, “నిన్న పీకమంటివి, ఇవాళ నాటమంటివి. నేల మారిందా మేస్త్రీ, మీ బుద్ధి మారిందా?” అని అడిగిందట.

“ఏం చెప్పావు?”

“చెప్పడానికేముంది? ఆ రోజు ఆమె హాజరు మాత్రం కొట్టేయలేదు.”

ఇలాంటివి చెప్పేటప్పుడు ఆయన కుడి బొటనవేలు పక్కనున్న సరుగుడు బెరడు మీద పైనుంచి కిందకి ఏటవాలుగా గీత గీస్తుండేది. రబ్బరు పాల కోసం కత్తితో పెట్టే గాటు అలా ఉంటుందట. ఇన్నేళ్ళయినా ఆ చెయ్యి ఏ చెట్టు దొరికితే దాన్ని గీసుకుంటూ పోయేది.

తోటలో ఆయన ఆకు ఊడవడు, ఎవర్నీ ఊడవనివ్వడు. సూదుల్లాంటి సరుగుడు ఆకు అరచేతి మందాన పేరుకుపోయి ఉండేది. పాక ముందు వాకిలి కూడా ఊడ్చేవాడు కాదు. “ఆడదిక్కు లేని కొంప అనుకుంటారు అన్నయ్యా,” అని మా అమ్మ ఒకసారి చీపురు పట్టుకుంటే లాక్కున్నాడు. తోటలో చెప్పులు కూడా వేసుకోడు. అదేం భక్తి అని నేను వెక్కిరిస్తే, “భక్తీ లేదు, బూడిదా లేదు. పైనుంచి అణిగితే కింద గాలాడదు,” అన్నాడు. ఆకు పక్కకి జరిపి, కింద నల్లగా పొడిపొడిగా మారుతున్న ఇసుకని చూపించేవాడు. సరుగుడు వేళ్ళకి వేరుసెనగ వేళ్ళకున్నట్టే ఉండే బుడిపెలు చూపించేవాడు.

“మన తెనాలి రేగడి దాచుకునే రకం. మలయా ఎర్రమట్టీ, ఈ ఇసుకా రెండూ జేబుల్లేని చొక్కాలు. ఏం వేసినా జారిపోద్ది. రాలిన ఆకే వీటికి జేబు. అక్కడ ఆ జేబు నా చేత్తో నేనే చింపించాను. ఇక్కడ కుట్టుకుంటున్నా.”

ఆ జేబు కోసమే మా తగువంతా.

కిరసనాయిలు దొరకడం కష్టమైన రోజులు మీకు తెలుసు. డబ్బాలు వరసగా పెట్టి, ఇళ్ళకెళ్ళి వంటలు చేసుకుని వచ్చినా వరస కదిలేది కాదు. తెనాలిలోనే అలా ఉంటే పాలెంలో సంగతి చెప్పేదేముంది? పొయ్యిలోకి కట్టె లేదు. పక్కనే మావయ్య తోటలో భగ్గుమని మండే ఆకు ఊరికే పడుంది. అంకమ్మక్కా, ఇంకో పదిమంది ఆడవాళ్ళూ ఆకు గీకే దంతెలు పట్టుకుని వెళితే, మావయ్య కంచె సందులో ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. ఆ సంగతి తెలిసి మళ్ళీ పరిగెత్తాను. నేనెటు నిలబడతాను? ఒకవైపు పొయ్యి వెలగని ఇళ్ళు, ఇంకోవైపు ఒక్క మనిషి సొంత తోట. నేను చదివిన ఏ కాగితంలోనూ ఇలాంటి దగ్గర రెండో ఆలోచన లేదు. ఇప్పటికీ నాకు కనపడదు.

వెళ్ళేసరికి అక్కడ పరాచికాలు నడుస్తున్నాయి.

“ఆ ఆకంతా ఏం చేస్తావు మావయ్యా? కప్పుకుంటావా?”

“నేలకి కప్పుతున్నానే.”

“నేల చలేస్తందని చెప్పిందా? నీ చెవిలో చెప్పిందేమో!”

“ఈ వయసులో మావయ్యకి చెవిలో చెప్పేవాళ్ళు ఇంకెవరున్నార్లే!”

ఆయన కూడా నవ్వాడు. పీట మీద నుంచి మాత్రం లేవలేదు. అంకమ్మక్క నవ్వలేదు. “పొద్దున పిల్లలకి చద్దన్నమే పెట్టా. రాత్రికి అదీ లేదు. పొయ్యిలోకి నీ మలయా కథలు పెట్టమంటావా? అవి కాలవు మావయ్యా,” అంది.

నేను ఆగలేకపోయాను. “అక్కడ ఆడవాళ్ళ చేత గడ్డి పీకించావు. ఇక్కడ ఆడవాళ్ళని ఆకు ముట్టుకోనివ్వడం లేదు. నేల పేరు చెప్పి ఎక్కడైనా నువ్వు శాసించేది ఆడవాళ్ళ చేతుల్నే కదా మావయ్యా!” అని అరిచాను.

ఆయన కోప్పడతాడనుకున్నాను. తిరిగి ఏదో ఒకటి అంటాడు, నేను ఇంకోటి అందాం అని సిద్ధంగా ఉన్నాను. ఆయన పీట చంకలో పెట్టుకుని పాకలోకి వెళ్ళిపోయాడు. ఆ మాట నేను వెనక్కి తీసుకోలేదు, ఇప్పుడూ తీసుకోను. జవాబు వస్తే వినాలని మాత్రం ఉండేది.

మర్నాడు ఆయనే పాలెంకి వెళ్ళి ఒక ఒప్పందం చెప్పాడు. తోటలో ఒక వరస వాళ్ళది, ఒక వరస నేలది. వాళ్ళ వరసలో ఎంతైనా గీక్కోవచ్చు, పక్క వరసలో దంతె పెట్టకూడదు. నాకిది రాజీ బేరంలా తోచి మండిపడ్డాను. ఆడవాళ్ళు మాత్రం సరేనన్నారు. తరవాత ఏమైందంటే, సముద్రం గాలికి నేల వరసలో ఆకు దొర్లుకుంటూ వచ్చి వాళ్ళ వరసలో పడేది. “మేం తీయలేదు మావయ్యా, దానంతటదే మా ఇంటికొచ్చింది,” అని వాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. ఆయన తాటిమట్టలు అడ్డం పెట్టాడు. గాలి వాటిని కూడా పడగొట్టింది. “సముద్రం కూడా మీ పార్టీయేరా,” అన్నాడు నాతో.

రెండు వర్షాకాలాలు గడిచాయి. మా చూపు ఎప్పుడూ చెట్ల మీదే. ఆకు గీకిన వరసల్లో చెట్లు నీరసపడాలి కదా? పడలేదు. రెండు వరసలూ ఒకే ఎత్తు, ఒకే పచ్చదనం. నేను విజయగర్వంతో అడిగితే, “చెట్టు అబద్ధమాడుద్దిరా. పాత తిండి తిని కొత్త ఆకలి దాస్తది,” అన్నాడు. ఇలా అయితే ఆయన్ని ఎప్పటికీ ఓడించలేమని, బాపట్లలో చదువుతున్న స్నేహితుడి దగ్గర నీలం లిట్మస్ కాగితాలు తెచ్చాను. పులుపు తగిలితే ఎర్రబడేవి. రెండు వరసల నుంచీ ఇసుక తీసి, వాననీళ్ళలో కలిపి, రెండు గ్లాసుల్లో కాగితాలు ముంచాం. గీకిన వరస కాగితం నీలంగానే ఉంది. మావయ్య దాచుకున్న వరస కాగితం ఎర్రబడింది.

“చూశావా! నీ జేబే మట్టిని పుల్లబెడుతోంది! మలయాలో చెడిపోయిందన్నావే, అదే నువ్విక్కడ చేస్తున్నావు!”

ఆయన ఎర్ర కాగితం వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకి పెట్టాడు. మొహంలో ఓటమి లేదు, గెలుపూ లేదు. దారి తప్పిన మనిషిలా ఉన్నాడు. “అక్కడ కప్పు తీసేస్తే పుల్లబడింది. ఇక్కడ కప్పితే పుల్లబడుతోంది. ఈ ఇసుకలో గవ్వల సున్నం ఉంది కదా, కొంచెం పులుపు దీనికి మంచిదేమో…” అని ఆగాడు. “కాగితం పులుపు చెబుద్ది గానీ ఆకలి చెప్పదు. నాకూ తెలీదురా కరపత్రం.”

పెద్దవాళ్ళ నోట ‘నాకూ తెలీదు’ అని వినడం నాకదే మొదలు. గెలిచానని కేకపెట్టాల్సినవాణ్ణి, ఎందుకో గ్లాసులు కడిగేసి వచ్చాను.

ఆఖరిసారి కలిసినప్పుడు ఒక మాట అనుకున్నాం. చెట్లు కొట్టే వయసొచ్చాక, వేళ్ళు పీకేసి, రెండు రకాల వరసల్లోనూ ఒకే వేరుసెనగ విత్తనం వేద్దామన్నాడు. ఎరువు చిటికెడు కూడా వెయ్యకూడదు. “నా మాటా వద్దు, నీ కాగితమూ వద్దు. ఏ వరసలో కాయ పట్టే ఊడలు బాగా దిగితే ఆ వరసే చెప్పుద్ది. నాదే తప్పని చెబితే పాలెం వాళ్ళకి తోటంతా ఇచ్చేస్తా.” నాది తప్పయితే ఏం చెయ్యాలో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. చెట్లకింకా ఆ వయసు రాలేదు. ఆయనకి మాత్రం టైమైపోయింది.

పెదకర్మ రేపల్లెలో చేశారు. ఆ మర్నాడు వదిన, అంటే మావయ్య కూతురు, పాలెం వాళ్ళకి తోటలోనే భోజనాలు పెడతానంది. ముందురోజు వాన పడి, తెచ్చిన కట్టెలన్నీ పొగ తప్ప మంట పుట్టించడం లేదు. డేగిశాలో ఎసరు కాగనంటోంది. పాలెం వాళ్ళ వరసల్లో ఎప్పుడూ లాగే నేల కనపడుతోంది. పక్క వరసల్లో మాత్రం మెత్తగా, మందంగా, పైన ఎండకి ఆరిన ఆకు.

అంకమ్మక్క దంతె పట్టుకుని ఆ వరస అంచున ఆగి, నన్ను పిలిచింది. “తియ్యమంటావా, వద్దంటావా?”

“నన్నడుగుతావేంటి? వదినున్నదిగా.”

“నాకేం తెలుసు? మా నాన్న ఏమన్నా చెబితే నీకే చెప్పుంటాడు,” అంది వదిన, పొగకి కళ్ళు తుడుచుకుంటూ.

“ఆ రోజు మా తరఫున అరిచింది నువ్వే అబ్బాయ్,” అంది అంకమ్మక్క. “ఇవాళ ఆయన తరఫున ఉన్నదీ నువ్వే. ఎవరో ఒకళ్ళ తరఫున చెప్పు.”

తీసుకోండి అనడానికే నోరు తెరిచాను. అందులో నాకు సందేహం లేదు; ఆకలి ముందు మట్టి ఎంత? తీరా అందరూ నా వైపే చూస్తుంటే కోపం ముంచుకొచ్చి, “మీ ఇష్టం! నన్ను పీక్కు తినకండి!” అని అరిచాను.

“నువ్వరిస్తే ఎసరు కాగదులే,” అని అంకమ్మక్క దంతె పక్కన పడేసి, గొంతుక్కూర్చుని, రెండు చేతులతో పైపైన ఎండిన ఆకు పోగుచేసి ఒళ్ళోకి వేసుకుంది. మిగతా ఆడవాళ్ళూ కూర్చున్నారు. “కింద తడిది మాకెందుకు? పొయ్యిలో పెడితే కళ్ళు పోతాయి,” అంది.

“మరి ఇన్నాళ్ళూ ఈ పని చేత్తోనే చెయ్యలేకపోయారా?” అన్నాను.

“చేత్తో అయితే పొద్దస్తమానం పట్టుద్ది. పడవలొచ్చేసరికి ఒడ్డునుండాలి మేము. ఇవాళ మావయ్య కోసం పని మానుకున్నాం గనక కుదిరింది. రేపు ఎవరు మానతారు?”

ఒక్క నిమిషం, తగువు తీరిపోయిందనిపించింది. పైది వాళ్ళది, కిందది ఆయనది. ఇంత తేలికైన దానికి మేమిద్దరం ఇన్నాళ్ళు కొట్టుకున్నామా అనుకుంటుండగానే, ఆయన గొంతు స్పష్టంగా వినిపించింది: “ఇవాళ్టి పైదేరా కరపత్రం, రేపటి కిందది.” ఆయన ఈ మాట ఎప్పుడూ అనలేదు. ఉంటే మాత్రం అనేవాడు. దానికి నేనేదో అనేవాణ్ణి.

మంట అందుకుంది. అన్నం ఉడికింది. అందరం చెట్ల మధ్య బంతి కూర్చున్నాం. అంకమ్మక్క నా ముందు అరిటాకు పరిచి, గాలికి లేవకుండా అంచు నొక్కి పట్టుకుని, అన్నం వడ్డించి ముందుకెళ్ళింది. చూస్తే పచ్చటి ఆకు అంచున ఆమె నాలుగు వేళ్ళ గుర్తులు, నల్లటి తడి ఇసుకతో పడి ఉన్నాయి. పైపైదే తీశానందే, మరి ఆ నలుపు చేతికెక్కడ అంటింది? తుడవబోయాను. తుడవలేదు. అన్నం కలుపుకుని తింటున్నంతసేపూ ఆ నాలుగు గుర్తులూ నా ఆకు మీదే ఉన్నాయి.